పేరయ్య గిత్తకు తగిలిన దిష్టి

నేను ఒక కంటి టార్చిని. డాక్టర్ల భాషలో నా పేరు ఆఫ్తాల్మోస్కోపు. పలకాలంటే నోరు తిరగాలి, నాతో చూడాలంటే మాత్రం ఒక కన్ను మూసుకుంటే చాలు. నా పిడిలో బ్యాటరీలున్నాయి, తలలో వెలుగుంది. తలలో వెలుగున్నవాళ్లు మనుషుల్లో ఎంతమందో నేను చెప్పను. లోపలికి తొంగిచూసినవాణ్ని కదా, చెబితే కొట్టొస్తారు.

నన్ను కన్నవాళ్లు ఫ్యాక్టరీవాళ్లు, కొన్నవాడు గుంటూరులో ఒక మనుషుల కంటి డాక్టరు. ఆయన రోగులు కుర్చీలో బుద్ధిగా కూర్చుని చెప్పిన వైపు చూసేవారు. పని మానుకున్న రోజున ఆయన నన్ను మేనకోడలు సుభాషిణి చేతిలో పెట్టాడు. "నీ పేషెంట్లు గోడమీద అక్షరాలు చదవలేరమ్మా. వాళ్ల బదులు నువ్వే చదువుకోవాలి" అన్నాడు.

సుభాషిణి పశువుల డాక్టరు. అందరూ గేదె పొదుగు వైపు చూస్తుంటే ఈమె గేదె కళ్లల్లోకి చూస్తానంది. దానికోసం డిగ్రీ మీద డిగ్రీ చేసింది. డిగ్రీ పెరిగినప్పుడల్లా ఇంట్లో నాన్నగారి వేడి కూడా పెరిగింది. చదువు పూర్తి కాగానే 'పశువుల కంటి వైద్యశాల' తెరిచింది, అదీ అద్దంకిలో! అద్దంకిలో అద్దాల డాక్టరమ్మంటే ఊరికి అంతకన్నా వినోదం ఏం కావాలి?

"డాక్టరమ్మా, మా బర్రెకి చత్వారం వొచ్చినట్టుంది. పేపరు దూరంగా పెట్టుకుని సదవతా ఉంది!" అని ఎదురు టీకొట్టాయన కేకేసేవాడు.

"పేపరు తినకుండా చదువుతోందా బాబాయ్? అయితే మీ ఇంట్లో అందరికన్నా అదే నయం" అనేది సుభాషిణి.

నవ్వేవాళ్లు నవ్వారు గానీ, పశువును తోలుకొచ్చినవాడు లేడు. తండ్రి శేషాచలంగారైతే నవ్వనూ లేదు. కోళ్ల కంపెనీలో ఉద్యోగం మాట్లాడి, శివరాత్రి వెళ్లగానే చేరమన్నారు. "కోడికీ రెండు కళ్లుంటాయి కదే, వాటినే చూసుకో" అన్నారు. ఆమె సరేనంది. సరేనంటూనే నన్ను తుడిచి పక్కన పెట్టేసింది. బల్లమీద పడుకుని మా ఇద్దరి భవిష్యత్తూ మసకబారుతుంటే చూస్తూ ఉన్నాను.

అప్పుడొచ్చాడు పేరయ్య. ఒంగోలు గిత్తల్ని మేపి తిరునాళ్లలో బండలాగుడు పందేలకు తోలే రైతు. జతలో ఎడమవైపు గిత్త లాగుతూ లాగుతూ మెడ తిప్పేస్తోందట. బండ వంకరపోయి, ఆయన ప్రతి తిరునాళ్లలోనూ ఓడిపోతున్నాడట.

"ఓడినకాడ్నించీ గిత్త ఏడస్తానే ఉందమ్మా. సూడు, కన్నీళ్లు ఎట్టా కారతా ఉండాయో! శివరాత్రి పందెంలో గూడా ఇట్టా సేసిందంటే సంతకి తోలేత్తా" అని మీసం మీద చెయ్యేశాడు.

"కళ్లమీద అవేంటండీ?" అంది సుభాషిణి.

"దిష్టి కుచ్చులు. ఊరంతా దీని మీదే కన్నేసింది. ఓడినప్పుడల్లా ఇంకోటి కట్టిత్తానే ఉండా."

గిత్త నుదుటి మీద నల్ల ఊలు కుచ్చులు గుత్తులుగా వేలాడుతున్నాయి. నుదురు చాలక ఎడమ కంటి మీదికి దిగాయి. తల ఊపినప్పుడల్లా చీపురులా కన్నును ఊడుస్తున్నాయి.

"ముందు అవి తీసేయాలి పేరయ్యగారూ."

"తీసేత్తే ఇంకేవన్నా ఉందా! ఇన్ని కడితేనే ఇట్టా ఉంది!" అని గిత్తను గుమ్మం వైపు తిప్పాడు. నా బ్యాటరీ జారిపోయింది.

సుభాషిణి వాదించలేదు. "పోనీ, మీ కంటితో మీరే చూసి వెళ్లండి" అంటూ గిత్త కంట్లో రంగు మందు బొట్టు వేసింది. కంట్లో గాయం ఉన్నచోటే ఆ రంగు అంటుకుంటుంది, నా నీలం వెలుగులో పచ్చగా మెరుస్తుంది. నన్ను పేరయ్య చేతిలో పెట్టింది. ఆయన మొదట నన్ను తిరగేసి పట్టుకుని వెలుగంతా తన ముక్కులోకే కొట్టుకున్నాడు. తరవాత సరిచేసుకుని గిత్త కంట్లోకి వంగాడు.

"ఓరి నాయనో! దిష్టి అగపడిందమ్మా! పచ్చంగా గీతలు గీతలుగా ఉంది!"

"అది దిష్టి కాదండీ, పుండు. ఆ రెప్ప కిందికి చూడండి."

చూశాడు. నల్ల పోగు ఒకటి ఇరుక్కుని ఉంది.

"ఇది మా ఇంటిది అల్లిన ఊలే గందా..." గిత్త మెడ మీద చెయ్యి వేసి, "నీ కన్ను పొడిసింది నేనేనంట్రా?" అన్నాడు. కత్తెర అడిగి, కుచ్చులన్నీ తనే కత్తిరించేశాడు.

సుభాషిణి పోగు లాగి, చుక్కల మందిచ్చింది. పుండు మానింది. శివరాత్రికి గిత్త తల తిప్పకుండా బండ లాగి రెండో బహుమతి తెచ్చింది. పేరయ్య మైకు లాక్కుని, "మా గిత్తకి తగిలిన దిష్టిని డాక్టరమ్మ మిసన్లో పట్టి సూపిచ్చింది!" అని తిరునాళ్లంతా అదిరేలా చాటాడు.

దిష్టి కాదు మొర్రో అని సుభాషిణి ఎంత మొత్తుకున్నా వినేవాడెవడు? మర్నాటి నుంచి జనం దిష్టి చూపించుకోవడానికి వచ్చారు. ఆమె వాళ్ల పశువుల శుక్లాలు తీసింది, పుండ్లు మాన్పింది, కంట్లో పురుగుల్ని పట్టింది. పోనుపోను కుక్కలు కార్లలోనూ, పందెం గుర్రాలు లారీల్లోనూ వచ్చాయి.

ఇప్పుడు ఆమె దగ్గర నాకన్నా ఘనమైన యంత్రాలున్నాయి. నేను గాజు బీరువాలో ఉంటున్నాను. నా చూపు తగ్గింది గానీ జ్ఞాపకం తగ్గలేదు. మరీ మరీ తలుచుకునేది శివరాత్రి వెళ్లిన వారానికి వచ్చిన ఫోను. వరండా నిండా పశువులు. సుభాషిణి రెండు చేతులూ ఒక గేదె ముఖం మీద ఉన్నాయి. ఫోను, కూతుర్ని చూడ్డానికి వచ్చిన శేషాచలంగారు ఎత్తారు. అవతల కోళ్ల కంపెనీవాళ్లు, అమ్మాయి ఎప్పుడు చేరుతుందని.

ఆయన ఒకసారి వరండా వైపు చూశారు, ఒకసారి కూతురి వైపు చూశారు.

"డాక్టరుగారికి తీరిక లేదండీ. మీ కోళ్లలో దేనికైనా కళ్లు బాగోకపోతే శనివారం తీసుకురండి. పేరు రాసి పెడతాను."