పరీక్ష వారం

డిపోలో ఆయన్ని అందరూ నిదానం అంటారు. ఇరవై ఆరేళ్ళుగా బస్సు నడుపుతున్నా ఒక్క మనిషికి గీత పడనివ్వలేదు. ఆయన బస్సెక్కితే హాయిగా ఓ కునుకు తీయొచ్చని ప్రయాణికులకి తెలుసు, ఆలస్యంగా దిగుతామనీ తెలుసు. అంత జాగ్రత్త మనిషీ ఏడాదికి ఒక్క వారం మాత్రం బుద్ధి గడ్డి తిన్నట్టు ప్రవర్తించేవాడు.

డ్రైవర్లకి ఏటా డాక్టరు పరీక్ష ఉంటుంది. పన్నెండేళ్ళ కిందట నిదానానికి పరగడుపు షుగరు నూట పద్దెనిమిది వచ్చింది. "ఇది జబ్బు కాదు, జబ్బుకి ముందు మెట్టు. వచ్చే ఏడాదీ ఇలాగే ఉంటే మూత్రం కూడా చూడాలి," అన్నాడు డిపో డాక్టరు. రేపు తనని స్టీరింగు ముందు నుంచి లేపి టికెట్ల కిటికీ వెనక కూర్చోబెడతారని నిదానం భయం.

ఆ భయానికి డిపోలో మందు ఎప్పుడో కనిపెట్టారు. దాని పేరు పరీక్ష వారం. ఐదు రోజుల ముందు నుంచి అన్నం బంద్, టీలో చక్కెర బంద్. కీర దోసకాయలు, ఉడికించిన గుడ్లు, సాయంత్రం షెడ్డు చుట్టూ నడక. అంకె బుద్ధిగా తొంభైల్లోకి దిగొచ్చేది. అంకె బాగుంటే మూత్రం ఎవరడుగుతారు? మర్నాటి నుంచి మళ్ళీ పళ్ళెం నిండా అన్నం, రోజుకి ఆరు టీలు.

ఆ వారం డబ్బా కట్టేది చెల్లెలు. భర్త పోయాక అన్నయ్య ఇంట్లోనే ఉంటూ డిపో క్యాంటీన్‌లో వంట చేసేది. "సినిమాలో వేషం గానీ ఇస్తామన్నారా అన్నయ్యా?" అని ఏడిపించేది. పాసైన రోజు మిఠాయి పెట్టె తెచ్చేదీ ఆవిడే.

చిన్నప్పుడెప్పుడో వచ్చిన ఇన్ఫెక్షన్ లోపల్లోపలే తినేసిందట, నలభై రెండో ఏట చెల్లెలి కిడ్నీలు చేతులెత్తేశాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. రోజుకి మూడు గ్లాసుల నీళ్ళు, అంతే. వేసవిలో ఆవిడ ఎండిన పెదాలు తడుపుకుంటుంటే చూడలేక నిదానం బయటికెళ్ళిపోయేవాడు.

"నాది ఒకటి తీసి పెట్టండి," అన్నాడు పెద్దాసుపత్రి డాక్టరమ్మతో. రక్తం కలిసింది. మిగతా పరీక్షలకి తేదీ ఇచ్చారు. ఇచ్చిందే తడవు ఇంటికొచ్చి పరీక్ష వారం మొదలుపెట్టాడు! చెల్లెలు ఓపిక లేకపోయినా లేచి డబ్బా కట్టింది. పరగడుపు అంకె తొంభై నాలుగు. నిదానం మీసం దువ్వుకున్నాడు.

డాక్టరమ్మ మాత్రం ఇంకో కాగితం తీసింది. "ఇది మూడు నెలల షుగరు సగటు. దీన్ని ఐదు రోజుల్లో మాయ చేయలేరు. మీరు జబ్బుకి ముందు మెట్టు మీద ఏళ్ళ తరబడి కూర్చున్నారు. కిడ్నీలు మామూలు కంటే ఎక్కువ వడపోస్తున్నాయి."

"ఎక్కువంటే మంచిదేగా అమ్మా?"

"బండి ఆపి ఉన్నా ఇంజిన్‌ని రేస్ చేస్తూనే ఉంటే మంచిదా? చక్కెర ఎక్కువైన రక్తం వాటిచేత అలాగే చాకిరీ చేయించింది. ఇప్పుడు మూత్రంలో ప్రోటీన్ పోతోంది. మీ రెండూ మీకే కావాలి. ఒకటి తీస్తే రెండోది మోయలేదు."

"ముందే తెలిస్తే?"

"మూత్రం చూసి ఉంటే అప్పుడే తెలిసేదేమో. చాలామందికి తిండి, నడక సరిచేసుకుంటే చాలు. ఎవరూ చూడలేదా?"

నిదానం పన్నెండేళ్ళు డిపో డాక్టర్ని బురిడీ కొట్టించానని సంబరపడ్డాడు. సిగ్గుతో, దుఃఖంతో కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు.

డయాలసిస్ గది బయట బల్ల మీద చెల్లెలు కూర్చుని ఉంది. "ఏమన్నారన్నయ్యా?"

"రక్తం కలవలేదట."

"మొన్న కలిసిందన్నావుగా. నీకు అబద్ధం ఆడటం రాదు."

చెప్పేశాడు, ఒక్కటీ దాచకుండా. చెల్లెలు ఎదురుగోడ వంక చూసింది.

"ఆ డబ్బా కట్టింది నేనేగా," అంది. "పన్నెండేళ్ళూ నా చేత్తోనే కట్టాను."

"నీకేం తెలుసమ్మా! తప్పంతా నాది."

"నీ డిపో పరీక్ష ఎప్పుడు?"

"వచ్చే నెల."

"ఆ వారం కూడా మామూలు రోజుల్లాగే అన్నం కడతాను. ఉన్నదేదో బయటపడనీ. ఆ తర్వాత డాక్టరు ఏం తినమంటే అదే, ఏడాది పొడుగునా."

"స్టీరింగు తీసేస్తారే!"

"తీసేయనీ. నువ్వు నా పక్క మంచం మీదికి మాత్రం రావద్దు."

లోపలి నుంచి నర్సు పిలిచింది. చెల్లెలు గోడ పట్టుకుని లేచి, నీళ్ళ సీసా అన్నయ్య చేతికిచ్చి, తన మిషన్ దగ్గరికి వెళ్ళింది.