సగం గీసిన గడ్డం

ఆ వీధిలో అతన్ని అందరూ రేడియో అనేవారు. సెలూన్ తలుపు తీసింది మొదలు మూసేదాకా అతని నోటికి విశ్రాంతి ఉండదు. కత్తెర ఆగినా మాట ఆగదు. అలాంటి మనిషితో సొంత బావమరిది రెండేళ్ళుగా మాట్లాడ్డం లేదంటే, దానికి కారణమూ ఆ నోరే. బావమరిది పెళ్ళిలో ఆడపెళ్ళివారి మధ్య కూర్చుని, ఇన్ని సంబంధాలు తప్పిపోయిన మావాడికి మీ అమ్మాయి ఎలా దొరికిందో అని అందర్నీ నవ్వించాడు. పెళ్ళికొడుకు ఒక్కడే నవ్వలేదు. ఆవగింజంత మాట కొండంతయింది. మధ్యలో రేడియో భార్య నలిగిపోయింది. తమ్ముడి ఇంటికి ఒంటరిగా వెళ్ళొచ్చేది. వచ్చాక ఒక పూటంతా మొగుడితో పలికేది కాదు.

సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఊళ్ళో సగం దుకాణాలు మూసేశారు. జనం మేడలెక్కారు. రేడియో మాత్రం, రోజూ నెత్తిమీద ఉండేవాణ్ణి ఇవాళ కొత్తగా తలెత్తి చూసేదేముందని సెలూన్ తెరిచే ఉంచాడు.

లోపలికి వచ్చిన మనిషిని చూసి దువ్వెన పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. బావమరిది. ఇళ్ళకు టైల్స్ వేసే పని అతనిది. గోళ్ళలో ఇంకా తెల్ల సిమెంటు ఉంది. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. కుర్చీలో కూర్చుని, "గడ్డం," అన్నాడు. అంతే.

ఏమైందని అడగాలని ఉంది రేడియోకి. అడిగితే లేచి పోతాడేమోనని భయం. మాట్లాడకుండా నురగ రాశాడు. ఎడమ చెంప గీయడం అయ్యేసరికి అద్దంలో వెలుగు మారిపోయింది. ఎండ ఉంది, కానీ వేడి లేదు. గోడ మీద తన చేతి నీడ వేళ్ళ మీది వెంట్రుకలతో సహా కనిపిస్తోంది.

ఎదురు కొట్టు వెల్డర్ కేకేశాడు. ఇది మళ్ళీ మన జన్మలో రాదు, రమ్మన్నాడు. రేడియో కత్తి పక్కన పెట్టి, మెడలో తువ్వాలుతో ఉన్న బావమరిది వైపు చూశాడు. అతను లేచి ముందే నడిచాడు.

వీధి చెట్టు కింద, ఆకుల సందుల్లోంచి పడే వెలుగు గుండ్రంగా లేదు. కత్తిరించి పారేసిన గోళ్ళలా, నేలంతా వంకర ముక్కలు. వెల్డర్ తన నల్లటి వెల్డింగ్ అద్దం ఇచ్చాడు. రేడియో చూశాడు. సూర్యుడు సన్నటి కొడవలి అయిపోయాడు. ఆ అద్దం తనే బావమరిది చేతిలో పెట్టాడు.

చల్లటి గాలి ఒకటి వీధి పొడవునా వచ్చింది. పావురాలు చూరుల్లోకి దూరాయి. పడమటి నుంచి చీకటి పరిగెత్తుకొచ్చి మీద పడింది. వీధి దీపాలు వాటంతటవే వెలిగాయి. ఇప్పుడు అద్దం తీసెయ్యమన్నాడు వెల్డర్.

సూర్యుడున్న చోట నల్లటి గుండ్రటి గుంట. దాని చుట్టూ, నెరిసిన జుట్టు నీళ్ళలో విరబోసినట్టు తెల్లటి వెలుగు. పక్కనే పట్టపగలు ఒక చుక్క. మేడల మీద జనమంతా ఒక్కసారి నోరు మూసుకున్నారు. రేడియోకి ఒళ్ళు గగుర్పొడిచింది. అంత పెద్దదాని ముందు తానెంత అనిపించి, ఆసరా కోసం చెయ్యి చాపితే బావమరిది భుజం తగిలింది.

"బావా, తెల్లారుజామున ఆడపిల్ల పుట్టింది," అన్నాడు బావమరిది చీకట్లోకి చూస్తూ. "నెలలు నిండలేదు. గాజుపెట్టెలో పెట్టారు. సాయంత్రందాకా ఏమీ చెప్పలేమన్నారు."

"మీ ఆవిడ ఎలా ఉంది?"

"మత్తులో ఉంది. తనకి ఫరవాలేదన్నారు."

"మీ అక్కకి చెప్పావా?"

"ఎవరికీ చెప్పలేదు. చెప్తే నిజమైపోతుందని భయమేసింది. నర్సమ్మ, కాస్త మనిషిలా తయారై రమ్మంది. కాళ్ళు ఇటే తెచ్చాయి."

అప్పుడే నల్లటి గుండ్రం అంచున ఒక్క బొట్టు వెలుగు చిమ్మింది. కళ్ళు దించమని వెల్డర్ అరిచాడు. మేడల మీద చప్పట్లు మోగాయి. కళ్ళు దించిన రేడియోకి కనిపించింది బావమరిది మొహమే. ఒక చెంప నున్నగా ఉంది, ఇంకో చెంప మీద నురగ ఎండిపోయింది. రెండు చెంపల మీదా కన్నీళ్ళు.

"ఆ రోజు పెళ్ళిలో నేను..." అని మొదలుపెట్టాడు రేడియో.

"గడ్డం గీయి బావా," అన్నాడు అతను.

గీశాడు. జీవితంలో అంత నిదానంగా ఎవరికీ గీయలేదు. సెలూన్ మూసి, ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు. ఆమె తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. చెప్పులు వేసుకుని బయల్దేరింది.

ఆసుపత్రిలో ఒక్కొక్కరినే లోపలికి వదిలారు. మేనత్త ముందు వెళ్ళింది. బయటికొచ్చి, చిట్టితల్లి ముక్కు అచ్చం మా నాన్నదేనని చెప్పి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తమ్ముడు బెంచీ మీద అక్క భుజానికి తల ఆనించి అలాగే నిద్రపోయాడు. బావగారు వాళ్ళిద్దరికీ టీ తెచ్చి, అది చల్లారిపోతున్నా లేపడానికి మనసు రాక, గ్లాసులు పట్టుకుని నిలబడ్డాడు.

పొద్దు వాలుతుండగా పిల్లల డాక్టరమ్మ వచ్చింది. గండం పూర్తిగా గడిచిందని ఇప్పుడే అననుగానీ, పాప తనంతట తనే ఊపిరి తీసుకుంటోందని చెప్పింది. అక్క తమ్ముణ్ణి తట్టి లేపింది. అతను కళ్ళు నులుముకుని, ఇంకొక్కసారి చెప్పండమ్మా అన్నాడు. డాక్టరమ్మ మళ్ళీ మొదటినుంచి చెప్పింది.