శివారు బోదె మర్యాదలు

పొద్దున్నే కాఫీ తాగి, తువ్వాలు భుజాన వేసుకుని, పెద్దిరాజు బోదె గట్టు మీదకి వెళ్ళి నీళ్ళని పిలిచేడు.

"దయచేయండి, దయచేయండి. చేలన్నీ తమ కోసమే చూస్తున్నాయండి."

నీళ్ళు రాలేదు.

కాట్రేనికోన అవతల, కాలవ ఆఖర్న ఉన్న ఊరది. పై ఊళ్ళలో తూము తలుపెత్తితే నీళ్ళు వాటంతటవే చేలోకి పోతాయి. ఇక్కడ మాత్రం తూము దాకా వచ్చి ఆగుతాయి. పిలిస్తేనే బోదె అనే పిల్లకాలవలోకి వస్తాయి. ఏకవచనంతో పిలిస్తే అసలే రావు. ఇందులో ఎవరికీ వింతేమీ లేదు. నీళ్ళందలేదని ఎవరైనా ఇరిగేషన్ ఆఫీసుకి వెళ్తే ఏఈగారు కూడా "తలుపెత్తేరా? పిలిచేరా?" అని వరసగా రెండూ అడిగేవారు.

ఇన్నాళ్ళూ ఆ పని తూములు కాసే లస్కరు నారాయణమూర్తిగారు చూసుకునేవారు. ఆయన రిటైరై రావులపాలెంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయేరు. ఆ ఏడే నీటి సంఘాలు వచ్చేయి. పిలుపు అధ్యక్షుడి నెత్తిన పడింది. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే మీటింగు రోజున పెద్దిరాజు చెప్పులు కుట్టించుకోడానికి అమలాపురం వెళ్ళేడు. ఊళ్ళో లేనివాడు కాదనలేడు కదా అని అందరూ కలిసి అతన్ని ఏకగ్రీవం చేసేసేరు. బస్సు దిగుతుంటే మెళ్ళో దండ పడింది. "ఎవరిదండి పెళ్ళి?" అని అడిగేడు పాపం.

వానాకాలం సార్వా పంట ఎలాగో గట్టెక్కింది. వానలు పడ్డాయి కాబట్టి ఎవర్నీ పిలవాల్సిన పని లేకపోయింది. అదంతా తన పాలనాదక్షతే అనుకున్నాడు. ఆ ధీమాతోనే, రెండో పంట వేళకి ఆఖరి చేను సూర్యకుమారికి "దాళ్వా నారు ఊడ్చుకో చెల్లెమ్మా, నీళ్ళ పూచీ నాది" అని మాటిచ్చేసేడు.

ఇప్పుడా చేను పొట్ట మీదుంది. ఒక్క తడి పడితే పంట, లేకపోతే తాలు. సూర్యకుమారి మొగుడు మస్కట్‌లో ఉన్నాడు. చేనికి మూడు పక్కలా సత్యంగారి రొయ్యల చెరువులే. ఈ చేను కూడా చెరువు తవ్వుకుంటానని ఆయన ఎన్నాళ్ళనుంచో లీజుకడుగుతున్నారు. నీళ్ళు రాకపోతే తవ్వడానికి గురువారం సాయంత్రం పొక్లెయిన్ తెచ్చుకోమని సూర్యకుమారి చెప్పేసింది. ఒకసారి తవ్వి ఉప్పునీళ్ళు పెట్టిన చేలో మళ్ళీ వరి మొలవదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

"అన్నయ్యగారూ, మీ మాట నమ్మి ఊడ్చేనండి."

"ఆయ్."

"ఆయ్ అంటే? వస్తాయనా, రావనా అండి?"

తను ఏ ఉద్దేశంతో అన్నాడో పెద్దిరాజుకీ తెలీలేదు.

పెళ్ళాం భవానీదేవి కుంకం భరిణె తీసుకుని బయల్దేరింది. "పిలుపంటే గట్టెక్కి కేకలెయ్యడం కాదండి. బొట్టు పెట్టి పిలవాలి" అంది. తూము దగ్గర వంగి నీళ్ళకి బొట్టు పెట్టింది. నీళ్ళు కాస్త కదిలేయి. పెద్దిరాజుకి ప్రాణం లేచొచ్చింది. గుమ్మంలోకొచ్చిన చుట్టానికి ముందేమిస్తాం? ఆ అలవాటు కొద్దీ స్టీలు గ్లాసు పట్టుకుని పరిగెత్తేడు.

"ముందు మంచినీళ్ళు పుచ్చుకోండి."

నీళ్ళు జానెడు వెనక్కి తగ్గేయి.

"నీళ్ళకి నీళ్ళిచ్చేరా?" భవానీదేవి తలపట్టుకుంది.

"మరి కాఫీ ఇవ్వాలా?" అన్నాడతను. వేళాకోళం కాదు, నిజంగానే అడిగేడు.

ఊరంతా సలహాలిచ్చింది. గొంతు పెంచమని ఒకరు, తగ్గించమని ఒకరు. పిలిచి పక్కకి తప్పుకోమని ఒకరు, ఎదురుగానే నిలబడమని ఒకరు. అతను అన్నీ చేసేడు, కొన్ని ఒకేసారి కూడా చేసేడు. చివరికి ఎస్టీడీ బూతు నుంచి నారాయణమూర్తిగారికి ఫోన్ చేసేడు.

"ఏమని పిలిచేవారండి మీరు?"

"నేనెక్కడ పిలిచేవాణ్ణండి? ఊరికే కూచుని కబుర్లాడేవాణ్ణి."

"ఏం కబుర్లండి?"

"ఇంటి కబుర్లేనండి..."

లైను కట్టయింది. ఎవరింటి కబుర్లో పెద్దిరాజుకి అర్థం కాలేదు. అంతకుముందు కొంచెం తెలిసినట్టుండేది, ఫోన్ చేసేక అదీ పోయింది.

గురువారం మధ్యాహ్నం అతను తూము దగ్గర కొబ్బరిచెట్టు కింద కూలబడి ఉంటే, సూర్యకుమారి గట్టు మీద నడిచొచ్చింది.

"పిలుద్దామనొచ్చేవామ్మా?"

"లేదండి. చెప్పి వెళ్దామనొచ్చేను."

తూము మెట్టు మీద కూచుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది. అత్తగారి మోకాలి నొప్పి గురించి నీళ్ళతో చెప్పింది. మస్కట్ నుంచి వచ్చిన ఫోన్లో మొగుడి గొంతు కంటే ఏసీ చప్పుడే ఎక్కువ వినబడిందని చెప్పింది.

"మా చేలోకి ఇంక మీరు రానక్కర్లేదండి. ఉప్పునీళ్ళొస్తున్నాయి. ఇన్నేళ్ళూ మిమ్మల్నే రప్పించుకున్నాం గాని, మీ గుమ్మంలోకి మా రైతులెవ్వరూ ఊరికే ఎప్పుడూ రాలేదు. ఏమీ అనుకోకండి. వెళ్ళొస్తానండి."

లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని నడిచింది.

తూములోంచి నీళ్ళు గలగలమంటూ ఆవిడ వెనకాలే వచ్చేయి.

పెద్దిరాజు ఒక్క గెంతులో లేచేడు. "రండి" అనబోయి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆ సీమలో ఇంటికొచ్చిన మనిషిని ఎవరూ గుమ్మంలోంచే పంపెయ్యరు. వీధి చివరిదాకా దిగబెడతారు. మధ్యలో వేలు పెడితే ఏమవుతుందో అతనికి తెలీదు. తను వేలు పెట్టిన పనులేమయ్యేయో మాత్రం బాగా తెలుసు.

సూర్యకుమారి వెనక్కి చూసింది. "అయ్యో, ఎందుకండీ ఎండలో? ఆగిపోండి."

నీళ్ళు కల్వర్టు దాకా వచ్చేయి.

"ఇంక చాలండి. నేను వెళ్ళిపోతాను."

బోదె మలుపు దాకా వచ్చేయి. దారిలో రైతులు పారలు పట్టుకుని తమ చేలకి మళ్ళించుకుందామని చూసేరు. పెద్దిరాజు గట్టు మీద వంగి నడుస్తూ, వద్దు వద్దని చేతులూపేడు. మాట్లాడని అధ్యక్షుణ్ణి చూడ్డం అదే మొదలు కాబోలు, పారలు దించేసేరు.

ఆఖరి చేను వచ్చింది. సూర్యకుమారి ఆగింది, నీళ్ళూ ఆగేయి. ఆవిడ చేను వైపు చూసింది. నెర్రెలిచ్చిన నేల, బిరుసెక్కిన ఆకు. ఇల్లు సర్దకుండా ఉండగా ఎవరో వచ్చినట్టు సిగ్గుపడింది.

"ఇంత దూరం వచ్చి గుమ్మంలోంచి వెళ్ళిపోతారా? లోపలికి రండి" అని చేత్తోనే గట్టు మడవలో అడ్డున్న మట్టి తీసేసింది.

నీళ్ళు మొహమాటంగా ఒక కాలు పెట్టినట్టు పెట్టి, తరవాత పొలమంతా పరుచుకున్నాయి. నెర్రెల్లోంచి బుడగలు లేచేయి.

సాయంత్రం చెప్పిన వేళకే సత్యంగారు మోటారుసైకిలు మీద, వెనకాల పొక్లెయిన్‌తో వచ్చేరు. చేను చూసి దిగేరు.

"ఏంటమ్మా ఇది?"

"చుట్టాలొచ్చేరు బాబాయిగారూ."

ఆయన వెంటనే డ్రైవర్ని ఇంజను ఆపమన్నారు. ఇంట్లో చుట్టాలుండగా బేరాలు మాట్లాడే మనిషి కాదాయన. చెప్పులు విడిచి, గట్టు మీదకొచ్చి, గొంతు తగ్గించి అడిగేరు.

"ఎన్నాళ్ళుంటారమ్మా?"

"చుట్టాల్ని అలా అడుగుతామా అండి?"

సత్యంగారు మళ్ళీ చెప్పులేసుకున్నారు. నిజమే, అడగరు. గట్టు మీద తిప్పుకోడానికి చోటు లేక, పొక్లెయిన్ వచ్చినంత దూరమూ వెనక్కే నడిచి వెళ్ళింది.