ముక్కాయన మాట

నీళ్ళు బాగున్నాయంటే అబద్ధమని ఎందుకనాలి, బాగున్నట్టే కనిపిస్తుంటే? సీసాలోని నీటిని ఎండకెత్తి చూస్తూ ముక్కాయన తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. నీళ్ళు కాస్త పచ్చగా ఉన్నా తేటగానే ఉన్నాయి. అలవాటుగా సీసా మూతిని ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాడు. ఏమీ లేదు. నాలుగు నెలలుగా ఏమీ లేదు.

ఈ అపార్టుమెంట్లలోని రెండొందల ఇళ్ళ స్నానాల నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు ఈ మూడు తొట్లలోకే వస్తాయి. మొదటిదాంట్లో జమ్ము, మిగతా రెండింట్లో గుర్రపుడెక్క. మురికిని వేళ్ళతో పట్టి నీటిని తేర్చడం మొక్కల పని. ముదిరినవాటిని లాగి పారేయడం అతని పని. ఆలస్యమైతే అవి కుళ్ళి, తాగిన మురికినంతా మళ్ళీ నీళ్ళలోకే కక్కుతాయి. ఎప్పుడు లాగాలో పద్దెనిమిదేళ్ళుగా అతని ముక్కే చెప్పేది. ఏ వరసలో ఎవరు నూనె బాండీ తుడవకుండా కడిగారో కూడా పట్టేసేవాడు. అందుకే అందరికీ ముక్కాయనే; అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు.

నాలుగు నెలల కిందట వచ్చిన జ్వరం తగ్గింది గానీ, దాంతో పోయిన వాసన తిరిగి రాలేదు. కనిపెట్టింది భార్య ఒక్కతే. పాలు మాడి ఇల్లంతా కమురు కంపు నిండినా అతను పొయ్యి పక్కనే కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు.

"ముక్కుని అటకమీద గానీ పెట్టారా?" అంది. ఇద్దరూ నవ్వారు. తర్వాత ఆమె నవ్వడం మానేసి, పనిచోట చెప్పేయమంది. రేపు, రేపంటూ నెట్టుకొచ్చాడు. ముక్కు పోయిన ముక్కాయన ఎవరికి కావాలి?

సూపర్వైజరమ్మాయి వచ్చింది. పిల్లలు ఆడుకునే గడ్డి ఎండిపోతోందట. ఇన్నాళ్ళూ చెట్ల మొదళ్ళకే పారిన ఈ నీళ్ళను ఇవాళ్టి నుంచి అక్కడ చిమ్మిస్తారట. ముందు పరీక్షకు పంపుదామని ఎవరో అంటే ఆమే వద్దందట.

"ముక్కాయనుండగా పరీక్షలెందుకన్నాను మామా. మీరు ఊఁ అంటే నాలుగింటికి వాల్వు తిప్పేస్తా."

"ఊఁ," అన్నాడు. నోరు దానంతటదే అనేసింది.

ఆమె వెళ్ళాక మూడో తొట్టి గట్టున చతికిలబడ్డాడు. చెయ్యి చాచి ఒక మొక్కను పీకాడు. దాని వేళ్ళు కుళ్ళి ఊడి నీళ్ళలోనే ఉండిపోయాయి. ఇంకోటి పీకాడు. అరచేతికి నల్లటి జిగురు అంటింది. పైన బాల్కనీలో బట్టలారేస్తున్న ఆవిడ ముక్కు మూసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఎన్నాళ్ళుగా అలా వెళ్తోందో.

నాలుగవుతుండగా పిల్లలు చెప్పులు విడిచి గడ్డిమీదికి చేరారు. అమ్మాయి వాల్వు చక్రం మీద చెయ్యి వేసింది.

"ఆగమ్మా," అన్నాడు. "నాకు వాసన తెలియదు. నాలుగు నెలలైంది."

ఆమె చక్రం మీంచి చెయ్యి తీసేసింది.

"నాకు కంపనిపించింది మామా. మీరు బాగుందన్నారుగా, నా ముక్కుకే ఏదో అయిందనుకున్నా."

అతను చక్రాన్ని చివరిదాకా బిగించాడు. తిప్పొద్దనడానికి గుర్తుగా భుజం మీది తువాలు తీసి చక్రానికి కట్టడం అక్కడి పనివాళ్ళ పద్ధతి. పని పూర్తయ్యాక కట్టినవాడే విప్పాలి. అతను రెండు ముళ్ళు వేశాడు. తాళంచెవి ఆమెకిచ్చి, చేతులైనా కడుక్కోకుండా గేటు దాటాడు.

కొత్తవాళ్ళు వచ్చి తొట్లు ఖాళీ చేశారు, లేత మొక్కలు వేశారు. కట్టినవాడు వస్తాడని ఎవరూ ముట్టుకోలేదేమో, వారం దాటినా చక్రానికి ఆ తువాలు అలాగే ఉంది, ఎండకు బిరుసెక్కి, ముడి దగ్గర మాత్రం ఇంకా కొంచెం నల్లగా.