పుట్టీ మీద వేలిముద్ర

ఇరవై రెండేళ్లుగా కార్లకు రంగులేస్తున్నాను. అలాంటి నాకే అడుగు పగిలిన కారు అంటగట్టాడు, ఒక రిటైరైన బ్యాంకు మేనేజరు. "ఇంట్లో మనిషిలా చూసుకున్నాం బాబూ" అన్నాడు. నేను రంగు నిగనిగ చూశాను, తలుపులు తట్టి చూశాను. కిందికి మాత్రం దూరలేదు. నా కన్ను మీద నాకంత పొగరు మరి. 'ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను' అన్న కాగితం మీద సంతకం గీకి తాళాలు తెచ్చుకున్నాను.

పదకొండో రోజున మలుపులో కారు అడుగు చట్రం, చాసిస్, విరిగింది. కారు గోడకు గుద్దుకుంది. నాకు గీత కూడా పడలేదు. పక్కన కూర్చున్న మా ఆవిడ కుడికాలు నుజ్జయింది. ఆమె కుట్టు మిషను తొక్కి బతికే మనిషి. ఇంకో ఆపరేషను చేయిస్తే నిలబడుతుందట, ఆలస్యమైతే కాలు తీసేయాలట. నా దగ్గర చిల్లిగవ్వ లేదు. చాసిస్ మీద పాత పగులుందని, దాన్ని పుట్టీ ముద్దతో పూడ్చి రంగేశారని మెకానిక్కు తేల్చాడు. అందుకే కోర్టుకెక్కుదామనుకున్నాను.

లాయరమ్మ కాగితాలన్నీ చదివి కళ్లద్దాలు తీసింది.

"షాపులో కొనుంటే ఒక దారి. మీరు సొంతానికి వాడుకున్న మనిషి దగ్గర కొన్నారు, పైగా సంతకం పెట్టారు. పగులుందని ఆయనకు ముందే తెలుసని, తెలిసే దాచాడని మనమే రుజువు చెయ్యాలి. ఆ పగులు మీద పుట్టీ పెట్టినవాణ్ణి పట్టుకురండి. వాడు నోరు విప్పితే గెలుస్తాం."

"చొక్కా పట్టుకుని ఈడ్చుకొస్తానండీ" అన్నాను.

"వాడి చేతులు పడిపోను" అంది పక్కనే చక్రాల కుర్చీలో ఉన్న మా ఆవిడ. ఆసుపత్రిలో కళ్లు తెరిచినప్పటినుంచీ అదే తిట్టు. నేనూ వంత పాడుతూనే ఉన్నాను.

మర్నాడు కారు పడేసిన దొడ్డికి వెళ్లాను. వెల్లకిలా పడుకుని కిందికి దూరి, విరిగినచోట నల్లరంగు గీకాను. లోపల పుట్టీ, పుట్టీ అంచున బొటనవేలి అచ్చు, దానికి అడ్డంగా కోత గీత.

పుట్టీ ఆరిందో లేదో నేను ఎడమ బొటనవేలితో నొక్కి చూస్తాను. ఆ వేలికి రేకు కోసిన మచ్చ ఉంది. పైరేకు మీద పడిన అచ్చును గరుకు కాగితంతో రుద్దేస్తాను, కారు అడుగునైతే ఎవడు చూడొచ్చాడని వదిలేస్తాను. వేలు తెచ్చి అచ్చులో పెట్టాను. సరిగ్గా సరిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. పోయినేడు నేను పనిచేసే షెడ్డులో, పైకెత్తి నిలబెట్టిన కారు; దాని అడుగు తప్ప పైభాగం చూడలేదు. "ఓనరు అమ్ముకుంటాడట, పగులు కనపడకుండా చెయ్యి" అన్నాడు మా యజమాని. ఓనరు మొహం నేను చూడలేదు. ఇది ప్రాణాలు తీస్తుందని ఒక్క మాట అనలేదు. పూసేసి చేతులు కడుక్కున్నాను. ఛీ, నాదీ ఒక బతుకేనా!

సాయంత్రం మా ఆవిణ్ణి చక్రాల కుర్చీలో తోసుకుంటూ లాయరమ్మ దగ్గరికి వెళ్లాను.

"దొరికాడా?" అంది లాయరమ్మ.

"దొరికాడండీ."

"సాక్ష్యానికి వస్తాడా?"

"వచ్చాడు."

మా ఆవిడ ఆశగా తలుపు వైపు చూసింది. నేను ఎడమచేయి బల్ల మీద పెట్టాను.

"నేనేనండీ. షెడ్డులో బిల్లు ఆ మేనేజరు పేరు మీదే ఉంది, ఇందాకే చూసొచ్చాను."

లాయరమ్మ తెల్లకాగితం ముందుకు లాక్కుంది.

"కేసు నిలబడుతుంది. కానీ అవతలి లాయరు మిమ్మల్ని ఉతికి ఆరేస్తాడు. సగం తప్పు మీ మీదే వేస్తాడు. షెడ్డులో పనీ పోతుంది."

"రాసుకోండి."

ఇప్పుడు తిడుతుందని తల వంచుకున్నాను. మా ఆవిడ పైట సర్దుకుంది. వెళ్దామని కుర్చీ పట్టుకోబోయాను.

"వద్దు, ఆ చేతులు పెట్టకు" అంది. చక్రాలు తనే తిప్పుకుంటూ గుమ్మం దాటింది.