మిగిలిన పువ్వుగుడ్లు

పెళ్లి మర్నాడు పెరట్లో నూనె పీపా ఒకటి మండుతూ ఉంటుంది. అందులో ఏం కాలుతోందో ఎవరూ ఆగి చూడరు. చూస్తే వాడని కాగితం పళ్లేలు, బల్లల మీద పరిచిన గుడ్డలు, కట్ట విప్పని అలంకరణ పూలు కనిపిస్తాయి. నెలల తరబడి తిరిగి కొన్న చేతులే వాటిని తెచ్చి మంటలో వేస్తాయి. అదేమిటని ఇంతవరకు ఎవరూ అడగలేదు కనుక మనమూ అడగం.

మలేసియాలో తెలుక్ ఇంతాన్ అనే ఊరికి దిగువన, నది ఒడ్డు పల్లెలో సమ్సియా ఇంటి వెనక కూడా ఆ ఆదివారం పొద్దున పీపా పొగ వేసింది. ఆమె భర్త పోయి తొమ్మిదేళ్లు. బడి క్యాంటీన్‌లో వండి కూతురు నదీరాను పెంచింది. శనివారం ఆ పిల్ల పెళ్లి. అక్కడ పిలుపు అందుకున్నవాళ్లు వస్తామని చెప్పరు, రామనీ చెప్పరు. అందుకని వెయ్యి మంది వస్తారనుకుని వెయ్యి పువ్వుగుడ్లు కట్టారు. తీగ కాడకు ఊదారంగు గుడ్డపువ్వు, దాని కింద వలసంచిలో ఉడికించిన కోడిగుడ్డు, పక్కనే పెళ్లి తేదీ, ‘నదీరా, ఇజ్వాన్’ అనే పేర్లు అచ్చేసిన చీటీ. భోంచేసి కొత్త జంటను దీవించి వెళ్లేవాళ్ల చేతిలో తలా ఒకటి పెట్టాలి. కానీ మధ్యాహ్నం మొదలైన వాన సాయంత్రం దాకా వదల్లేదు. ఆరు వందల మందే వచ్చారు.

“మంత్రం వేసి వాన ఆపే పెద్దాయన్ని పిలిపించమంటే నవ్వావు. ఇప్పుడు నాలుగు వందల గుడ్లూ నువ్వే కూర్చుని తిను,” అంది సమ్సియా అక్క హలీజా. ఆమె చేతిలో పువ్వుగుడ్ల బుట్ట ఉంది. పీపా వైపే నడుస్తోంది.

“ఆగక్కా, అవి కాల్చకు.”

“మరేం చేస్తావు? గుడ్లు రేపటికి కంపు కొడతాయి. పూలు దాద్దామంటే వాటి మీద నీ కూతురి పేరుంది. పక్కింటి పెళ్లిలో నీ కూతురి పేరు పంచిపెడతారా?”

సమ్సియా బుట్ట అందుకుంది. ఇరుగుపొరుగు ఇళ్లకు తీసుకెళ్తే, “మాకు నిన్ననే ఇచ్చావు కదా,” అని కొందరు తీసుకున్నారు, కొందరు తలుపు దగ్గరే నవ్వి పంపేశారు. అప్పుడు మార్కెట్ దారిలో ఉన్న ముసలివాళ్ల ఆశ్రమం గుర్తొచ్చింది. నూట యాభై పువ్వుగుడ్లు రెండు అట్టపెట్టెల్లో సర్ది, మిగిలిన మాంసం కూర ఒక గిన్నెకెత్తి, కూరగాయల వ్యాన్ అతనికి అప్పగించింది. “పెళ్లివాళ్లు పంపారని చెప్పు,” అంది. బరువు దిగినట్టయింది.

సోమవారం పదిగంటలకు పందిరివాళ్లు రాటలు ఊడదీస్తూండగా ఆశ్రమం పేరు రాసిన తెల్ల వ్యాన్ ఒకటి వచ్చి వాకిట్లో ఆగింది. అందులోంచి తొమ్మిది మంది ముసలివాళ్లు ఒకరినొకరు పట్టుకుని దిగారు. మగవాళ్ల తలల మీద నల్ల టోపీలు. ఆడవాళ్లు మడత విప్పిన కొత్త బట్టలు కట్టుకున్నారు. ఒకరి చేతిలో పంచదార పొట్లం, ఒకరి చేతిలో రెండు సబ్బులు, ఇంకొకరి చేతిలో పాత వార్తాపత్రికలో చుట్టిన సరోంగు లుంగీ.

అందరూ ఓపా, అంటే అవ్వ, అని పిలిచే మీలా ముందు నడిచింది. “ఆలస్యమైందమ్మాయ్, ఏమనుకోకు. నిన్న వ్యాన్‌కి డ్రైవర్ దొరకలేదు. పెళ్లికూతురేదీ?”

సమ్సియా వాకిట్లోకి వచ్చింది. తను వీళ్లను పిలిచిందా? పిలవలేదు. కూరగాయల వ్యాన్ అతను పొరపాటున పిలిచాడా? పెళ్లి ఇంకా ఉందనుకున్నారా? ఎవరిని అడగాలో తెలియక అక్క వైపు చూసింది.

“కూర రుచి తగిలింది, ఇంకా పెడతావని వచ్చారు,” హలీజా చెవిలో గొణిగింది. “అయిపోయిందని చెప్పి పంపెయ్.”

“ఎలా చెప్పనక్కా? మిగిలినవి పంపామని మొహం మీద చెప్పనా? గడపలోకి వచ్చిన పెద్దవాళ్ల మనసు నొప్పిస్తే పిల్ల కాపురం ఏమవుతుంది?”

ఆమె భయమంతా అదే. పెళ్లయి రెండు రోజులే అయింది. శుక్రవారం పిల్ల అత్తవారింటికి వెళ్లాలి. అంత వయసువాళ్ల నొచ్చుకున్న మనసు పిల్ల వెంట వెళ్లడం ఆ తల్లి భరించలేదు. తలగుడ్డ చెంగు వేళ్లకు చుట్టుకుంటూ చెప్పింది, “అయ్యో, మీ కోసమే చూస్తున్నాం ఓపా. వాన పడిందని కొంత ఇవాళ్టికి ఉంచాం.”

రాట చేతిలో పట్టుకున్న పందిరి మనిషి అక్కడే నిలబడిపోయాడు. “అక్కా, విప్పాలా, కట్టాలా?”

“కట్టు.”

“ఇందాక విప్పమన్నారు.”

“ఇప్పుడు కట్టమంటున్నాను, కట్టవయ్యా.”

నదీరాను నూనె రాసుకున్న తలతోనే తెచ్చి చాప మీద కూర్చోబెట్టారు. “అమ్మా, నాకు మళ్లీ పెళ్లా?” అని అడిగితే తల్లి ఆమె భుజం నొక్కి ఊరుకోమంది. పెళ్లికొడుకు ఇజ్వాన్ పనికి వెళ్లాడు కనుక పక్కన చోటు ఖాళీగానే ఉంది. పళ్లెంలో అడుగున మిగిలిన పసుపు బియ్యం తెచ్చారు. తొమ్మిది మందీ వరసగా వచ్చి నాలుగు గింజలు చల్లి, పన్నీరు చిలకరించి, పెదవులు కదుపుతూ దీవించారు. చివరగా మందపాటి కళ్లద్దాల పెద్దాయన వంగి బియ్యం చల్లి, సమ్సియా వైపు తిరిగాడు.

“మూడో తరగతి, వెనక బెంచీ. అబద్ధం చెప్పేటప్పుడు అప్పుడూ ఇలాగే చెంగు చుట్టేదానివి.”

ఆమె తేరిపార చూసింది. “బహారి మాస్టారా? మీరు ఆ ఆశ్రమంలో ఉంటున్నారా?”

“నాలుగేళ్లుగా. నువ్వు మార్కెట్‌కి మా గేటు ముందు నుంచే వెళ్తావు. నేను చెయ్యి ఊపుతాను.” ఆయన జేబులోంచి చీటీ తీశాడు. “దీని మీద తేదీ ఉందమ్మా. శనివారం. మాకు చదవడం వచ్చు.”

సమ్సియా ఆయన ముందు చాప మీద కూర్చుంది. “మిగిలాయి మాస్టారూ. కాల్చడానికి చేతులు రాక పంపాను. మిగిలినవని చెప్పడానికి సిగ్గేసింది. మీకు కష్టం కలిగితే ఆ పాపం నా పిల్లకు తగలనివ్వకండి.”

“కష్టమెందుకే?” అంది ఓపా మీలా. “గుడ్లు బాగున్నాయి. కూరలోనే ఉప్పు తక్కువ. గుడ్డు పుచ్చుకున్నాక పెళ్లికూతుర్ని దీవించకుండా ఉంటామా? తిని ఊరుకుంటే అరుగుతుందా? అందుకని వచ్చాం.”

“మరి నేను చేసింది తప్పా, ఒప్పా? పంపితే ఒప్పనుకున్నాను. మీరు వస్తే తప్పనిపించింది. ఇప్పుడు ఏదీ తెలియడం లేదు.”

మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

“పంపడం ఒప్పే. కాల్చి ఉంటే తప్పు. కానీ సమ్సియా, నువ్వు పంపిన నూట యాభై చీటీల మీదా నీ కూతురి పేరుంది, అల్లుడి పేరుంది. పుచ్చుకున్న ముప్పై మందిలో ఒక్కరి పేరు నీకు తెలుసా? మేం ఎవరమో తెలియదు, ఎంతమందిమో తెలియదు. మాలో సగం మందికి డాక్టరు గుడ్డు వద్దన్నాడు, అదీ తెలియదు. వచ్చి అడిగి ఉంటే, గుడ్లు ముప్పై చాలు, మిగిలిన బల్లగుడ్డలు ఇవ్వు, మంచాల మీద వేసుకుంటామని చెప్పేవాళ్లం.”

“పూలు మిగిలాయా?” ఓపా మీలా మధ్యలో అందుకుంది. “ముప్పై ఏళ్లు పెళ్లికూతుళ్లను ముస్తాబు చేశాను. చీటీలు కత్తిరించి మళ్లీ కట్టిస్తాను, చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి. అవతలి ఒడ్డున పామాయిల్ తోటలో కూలీవాళ్ల పిల్లకు వచ్చే నెల పెళ్లి. గుడ్లు ఎలాగో కొనుక్కుంటారు, పూలు కొనలేరు.”

హలీజా ఇంతసేపూ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. లోపలికి వెళ్లి, రేపు కాలుద్దామని మూలకు నెట్టిన బల్లగుడ్డలు రెండు చేతులా తెచ్చి ఓపా ముందు పెట్టింది. “ఉతకలేదు,” అంది.

వాళ్ల కోసం పొయ్యి మీద పెట్టిన అన్నం ఉడికేలోపు సమ్సియా పెన్ను, కాగితం పట్టుకుని చాప మీద కూర్చుంది. ఒక్కొక్కరి పేరు, వాళ్లు ఏం తినకూడదు, వాళ్లకు ఏం కావాలి అని అడిగి రాసుకుంది. తొమ్మిది మందిలో ఇద్దరు ఫాతిమాలు. ఒకరికి చక్కెర జబ్బు, ఒకరికి లేదు. ఎవరికి ఉందో రెండుసార్లు తారుమారు చేసింది. “అదిగో, నన్ను చంపేస్తోంది,” అని చక్కెర జబ్బున్న ఫాతిమా నవ్వింది. సమ్సియా కొట్టేసి మళ్లీ రాసింది. సాయంత్రం వ్యాన్‌లో పూలతో పాటు తనూ ఎక్కింది, మిగతా ఇరవై ఒక్క మంది పేర్లూ రాసుకోవడానికి.

పెళ్లి సామాను మిగిలితే కాల్చకండి, మూలన పడేసి చీడ పట్టించకండి, వాడుకునేవాళ్లకు ఇవ్వండి; ఇచ్చే ముందు మాత్రం వాళ్ల గడప తొక్కి, పేరు అడిగి, ఏం కావాలో కనుక్కుని ఇవ్వండి.