పదకొండు సెకన్లు

వైఫై తరంగాలతో మనుషుల ఊపిరి లెక్కపెట్టడం నా పరిశోధన. కెమెరా అక్కర్లేదు, ఒంటికి ఏదీ తగిలించక్కర్లేదు. గదిలో మనిషి ఛాతీ కదిలితే సిగ్నల్ కదులుతుంది, తెరమీద గీత కదులుతుంది. పన్నెండేళ్లుగా నాకు ఇదే పని. పటమటలో మా అమ్మ మాత్రం ఇప్పటికీ "మా తబస్సుం నెట్ కనెక్షన్లు ఇస్తుంది" అనే చెబుతుంది.

గన్నవరం దారిలోని మా ఇంజనీరింగ్ కాలేజీలో అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకు నన్ను రెండుసార్లు తిప్పి పంపారు. ఈసారీ కాదంటే నా ల్యాబును పరీక్షల విభాగానికి ఇచ్చేస్తామన్నారు.

మా హెచ్ఓడీ రామకోటేశ్వరరావు గారు నా పక్షమే. ఆయన దృష్టిలో పక్షం వహించడమంటే కమిటీకి భోజనం పెట్టించడం. పామర్రులోని అత్తవారింటి నుంచి గోంగూర మాంసం, పులిహోర, గడ్డపెరుగు దింపించారు.

"ముందు భోజనం, తర్వాతే ఇంటర్వ్యూ. ఆకలి మీదున్నోడు అన్నిట్లో తప్పులే వెతుకుతాడమ్మా" అన్నారు.

రెండింటికి మొదలైంది. కమిటీ చైర్మన్ తిరుపతిరావు గారు నుదుటికి చెయ్యి ఆనించి నా ఫైలు దీక్షగా చదువుతున్నారు. పరికరం ఆన్ చేశాను. గదిలో నలుగురం. తెరమీద ఇలా పడింది: మెలకువ ముగ్గురు, నిద్ర ఒకరు.

"ఇక్కడ నిద్రపోయేదెవరండీ? మీ మిషను సరిగ్గా పనిచెయ్యట్లేదు" అంటూ సభ్యురాలు ఉషశ్రీ గారు పెన్ను తీశారు.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. చైర్మన్ గారు ప్లాస్టిక్ కుర్చీలో ఆ రెండో ముక్క రుజువు చేస్తున్నారు. తప్పు మిషనుదేనని ఒప్పుకోమని హెచ్ఓడీ గారు నాకు కళ్లతోనే సైగ చేశారు.

ఒప్పుకునేదాన్నే. నాకు పౌరుషం కన్నా ల్యాబు ముఖ్యం. ఇంతలో తెరమీద చైర్మన్ గారి గీత కదలడం మానేసింది. పదకొండు సెకన్ల తర్వాత ఒక్కసారి ఎగిరి మళ్లీ నడిచింది. నిమిషం తిరక్కుండా మళ్లీ ఆగింది. నాకు భయం వేసింది.

"సార్" అని గట్టిగా పిలిచాను.

ఆయన ఉలిక్కిపడి "ఊఁ, కానివ్వండి, వింటున్నా" అన్నారు.

"మీరు నిద్రపోయారండీ. అందులో తప్పేం లేదు. కానీ రెండుసార్లు మీ ఊపిరి ఆగింది. డాక్టరుకి చూపించుకోండి."

రామకోటేశ్వరరావు గారు గోడ వైపు తిరిగారు. చైర్మన్ గారి ముఖం ఎర్రబడింది. లేచొచ్చి గీతను చాలాసేపు చూశారు. తర్వాత భార్యకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు.

"రత్నం, నువ్వు చెప్పేదే ఇక్కడ మిషను కూడా చెబుతోంది."

"మూడేళ్ల నుంచీ నేను చెబితే అబద్ధం, మిషను చెబితే నిజమా అండీ?" అందావిడ. "ఎన్ని సెకన్లు ఆగిందంట?"

"పదకొండండీ" అన్నాను నేను.

"నయమమ్మా. మొన్న రాత్రి నేను పద్దెనిమిది లెక్కపెట్టి, కుదిపి లేపాను."

చైర్మన్ గారు ఫోన్ పెట్టేశారు. ఆయన తలెత్తకుండా నా ఫైలు మీద సంతకం పెట్టారు. ప్రమోషన్ వచ్చింది, ల్యాబు నిలిచింది. సంతోషంతో పాటు నాకు సిగ్గూ వేసింది. మూడేళ్లుగా ఇదే పని ఒట్టి చెవులతో చేస్తున్న ఆవిడకు ఎవరూ ఏ పోస్టూ ఇవ్వలేదు.